ఆకు పచ్చగానే ఉంది, పని తగ్గింది: పైరు ముదిరేకొద్దీ కిరణజన్య సంయోగక్రియలో వచ్చే మార్పులు

సంక్షిప్తంగా: పైరులో ఏ ఆకైనా పూర్తిగా విచ్చుకున్న రోజులకు అటూఇటుగా అత్యధికంగా పనిచేస్తుంది. ఆ తరువాత దాని కిరణజన్య సంయోగక్రియ క్రమంగా తగ్గుతుంది. ఈ తగ్గుదల ఆకు రంగు మారకముందే మొదలవుతుంది. ముదిరే ఆకు తనలోని నత్రజనిని కొత్త ఆకులకు, గింజకు పంపుతుంది కాబట్టి ముదరడాన్ని కేవలం నష్టంగా చూడలేం. నెల్లూరు వరికి, ప్రకాశం శనగకు, పొగాకుకు ఆకు ఎప్పుడు, ఎంత వేగంగా ముదరాలన్న లెక్క వేరువేరుగా ఉంటుంది.

పసుపెక్కిన కింది ఆకు

పెన్నా డెల్టాలోని కోవూరు, ఇందుకూరుపేట, అల్లూరు ప్రాంతాల్లో వరి పొట్టకు వచ్చే నాటికి దుబ్బు అడుగున ఒకటి రెండు ఆకులు పసుపెక్కి ఎండటం ఏటా కనిపించేదే. అది తెగులా, పోషక లోపమా, ఆకు సహజంగా ముదరడమా అన్న సందేహం కూడా ఏటా తలెత్తుతుంది. చాలాచోట్ల ఆ సందేహం తీరకముందే మరో కట్ట యూరియా పడుతుంది, లేదా పైరు పచ్చబడుతుందన్న హామీతో అమ్మే ఏదో ఒక మందు స్ప్రేయర్‌లోకి చేరుతుంది. పొదిలి, కనిగిరి వైపు మెట్ట చేలల్లో శనగ, కంది విషయంలో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. ఒంగోలు, కొండపి, టంగుటూరు చుట్టుపక్కల పొగాకు రైతుకు మాత్రం ఆకు సకాలంలో పసుపు తిరగకపోవడమే సమస్య. ఒక పంటలో భయపెట్టే మార్పు కోసమే మరో పంటలో ఎదురుచూస్తారు.

ఈ గందరగోళానికి మూలం రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చూడటంలో ఉంది. ఆకు రంగు ఒకటి, ఆకు చేసే పని మరొకటి. రెండూ చాలాకాలం కలిసే నడుస్తాయి గాని, ఆకు జీవితంలోని చివరి అంకంలో విడిపోతాయి. ఎరువుల విషయంలో, మందుల విషయంలో తీసుకునే పొరపాటు నిర్ణయాల్లో ఎక్కువ భాగం సరిగ్గా ఆ విడిపోయే సమయంలో తీసుకునేవే.

పుచ్చుకునే ఆకు, ఇచ్చే ఆకు

మొలకెత్తే ఆకు మొదట్లో మొక్కకు ఖర్చు. దాని కణాలు, ఈనెలు, హరితరేణువులు కట్టుకోవడానికి కావలసిన చక్కెర, నత్రజని అంతా పాత ఆకుల నుంచి, వేళ్ల నుంచి రావలసిందే. ఆకు సగం మేరకు విచ్చుకునే సరికి తన అవసరాలకు సరిపడా చక్కెరను తానే తయారుచేసుకుంటుంది. ఆపైన మిగులును బయటికి పంపడం మొదలుపెడుతుంది. పూర్తిగా విచ్చుకున్న రోజులకు దగ్గరగా దాని కిరణజన్య సంయోగక్రియ పరాకాష్ఠకు చేరుతుంది. మంచి ఎండలో, అప్పుడే పూర్తిగా విచ్చుకున్న ఆరోగ్యకరమైన వరి ఆకు చదరపు మీటరు విస్తీర్ణానికి సెకనుకు సుమారు 20 నుంచి 30 మైక్రోమోళ్ల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోగలదు. కొన్ని వారాల తరువాత, అదే ఎండలో, అదే ఆకు అందులో సగం కూడా పట్టుకోలేని స్థితికి వస్తుంది. పత్తి ఆకులో ఈ పరాకాష్ఠ ఆకు విచ్చుకోవడం మొదలైన సుమారు మూడు వారాలకు వస్తుంది. కాయ ఊరే సమయానికి దాని పక్కనున్న ఆకు అప్పటికే దిగుదారిలో ఉండటం పత్తి పైరుకు ఉన్న స్వాభావికమైన ఇబ్బంది.

వరిలో ప్రధాన కాండం మీద రకాన్ని బట్టి 10 నుంచి 18 దాకా ఆకులు వస్తాయి. పెరిగే దశలో సుమారు వారానికొక ఆకు వస్తున్నా, ఏ సమయంలోనైనా ఒక్కో పిలక మీద ప్రాణంతో ఉండేవి నాలుగైదే. అంటే పైన ఒక ఆకు విచ్చుకునే సమయానికి కింద ఒకటి ఎండటం లెక్క ప్రకారం జరగవలసిన పనే. ఆ ఎండిన ఆకును చూసి పైరు దెబ్బతిన్నదని అనుకోవడానికి వీల్లేదు. పైనుంచి రెండో ఆకో మూడో ఆకో వయసుకు ముందే రంగు మారితే మాత్రం ఆలోచించాలి.

ఇక్కడే ఒక పాత నమ్మకాన్ని పరిశీలించాలి. అడుగున నీడపట్టున ఉన్న ముసలి ఆకులు పనిచేయకపోగా పైఆకులు తయారుచేసిన ఆహారాన్ని తినేస్తాయని, అందుకే వాటిని తుంచేస్తే మేలని కొందరు అంటారు. వృక్షశాస్త్రం దీనిని బలపరచదు. పుచ్చుకునే దశ దాటి ఇచ్చే దశకు చేరిన ఆకు మళ్లీ వెనక్కి పోయి చక్కెరను దిగుమతి చేసుకోదు. 1984లో ప్రచురితమైన ఒక పరిశోధనలో పత్రహరితమే లేని తెల్లటి పొగాకు ఆకులను పరిశీలిస్తే, తమంతట తాము ఆహారం తయారుచేసుకోలేని ఆ ఆకులు కూడా ఎదుగుదల పూర్తయ్యాక దిగుమతిని ఆపేశాయి. నీడపడ్డ ఆకు తన శ్వాసక్రియకు సరిపడా వెలుతురు దొరకకపోతే ఆకలితో త్వరగా ముదురుతుందే తప్ప పైఆకుల మీద పడి బతకదు. తెగులు సోకిన అడుగు ఆకులను తీసివేయడానికి వేరే కారణాలు ఉండవచ్చు, కానీ తిండి మిగులుతుందన్న వాదన మాత్రం నిలవదు.

పని ముందు తగ్గుతుంది, రంగు తరువాత మారుతుంది

ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెరగా మార్చే వరుసలో మొదటి మెట్టు రుబిస్కో అనే ఎంజైమ్‌ది. ఇది చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. ఒక్కో అణువు సెకనుకు మూడు నాలుగు సార్లకు మించి ఆ పని చేయలేదు. ఆ నెమ్మదితనాన్ని మొక్క సంఖ్యతో భర్తీ చేసుకుంటుంది. వరి, శనగ, పొగాకు, పత్తి వంటి పంటల ఆకుల్లోని మొత్తం నత్రజనిలో 15 నుంచి 30 శాతం దాకా ఈ ఒక్క ఎంజైమ్‌లోనే ఉంటుంది. జొన్న, మొక్కజొన్న ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ను ముందుగా ఒకచోట గాఢంగా చేర్చి రుబిస్కోకు అందిస్తాయి కాబట్టి వాటికి అంత ఎంజైమ్ అక్కర్లేదు. వాటిలో ఈ వాటా 10 శాతం లోపే.

జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1980లలో వరి ఆకును మొలిచినప్పటి నుంచి ఎండేదాకా వెంబడించి, దానిలోని రుబిస్కోను, మొత్తం నత్రజనిని వరుసగా కొలిచారు. ఆకు విచ్చుకునే రోజుల్లోనే రుబిస్కో తయారీ జోరుగా సాగి, ఆకు ఎదుగుదల పూర్తయ్యాక బాగా తగ్గిపోతుందని, ఆ తరువాత ఉన్న నిల్వ కరగడమే ఎక్కువని ఆ కొలతలు చూపాయి. ముదిరే ఆకులో మొత్తం నత్రజని తగ్గే వేగం కంటే రుబిస్కో తగ్గే వేగం ఎక్కువ. పత్రహరితం తగ్గుదల మాత్రం వీటన్నిటికంటే నెమ్మది. పత్రహరితం ఇంకా నాలుగింట మూడు వంతులు ఉండగానే రుబిస్కో సగానికి రావచ్చు. కంటికి కనిపించేది పత్రహరితమే కాబట్టి, పని అప్పటికే బాగా తగ్గిన ఆకు చూపరికి నిగనిగలాడుతూనే ఉంటుంది.

మిగతా భాగాలూ తలో తీరుగా మారతాయి. ఎండను పట్టే యంత్రాంగం ఎక్కువ కాలం నిలిచి ఉండటం, ఆ పట్టిన శక్తిని వాడుకునే యంత్రాంగం ముందే సన్నగిల్లడం ఇందులో గమనించదగిన విషయం. వాడకానికి మించి పట్టిన ఎండ ఆకుకు భారం. దానిని వేడిగా వెళ్లగొట్టలేకపోతే అది హానికర ఆక్సిజన్ రూపాలకు దారితీసి ఆకును మరింత తొందరగా ముదరబెడుతుంది. పత్రరంధ్రాలు కూడా ముదురు ఆకులో తక్కువగా తెరుచుకుంటాయి. అయితే ఆకు లోపలి ఖాళీల్లో కార్బన్ డయాక్సైడ్ పరిమాణం పెద్దగా తగ్గదని, కొన్నిసార్లు పెరుగుతుందని కొలతలు చెబుతున్నాయి. దీనర్థం, ముడిసరుకు లోపలికి రాక పని ఆగడం లేదు. పని తగ్గడం వల్లే తలుపులు సగం మూసుకుంటున్నాయి. నీటి ఎద్దడిలో లేత ఆకుకు వచ్చే తగ్గుదల దీనికి భిన్నమైనది. అక్కడ ముందు మూసుకునేవి పత్రరంధ్రాలే, నీరు అందగానే ఆ ఆకు తిరిగి కోలుకుంటుంది.

పచ్చదనం, పని విడిపోవడానికి అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ సోయా చిక్కుడుతో 1980లలో చేసిన ప్రయోగాల్లో దొరుకుతుంది. కాయలను ఎప్పటికప్పుడు తుంచేస్తే ఆ మొక్కల ఆకులు పసుపెక్కకుండా పచ్చగా నిలిచాయి. కానీ కొలిచి చూస్తే వాటిలో కిరణజన్య సంయోగక్రియ మామూలు మొక్కల్లో లాగే పడిపోయింది; నత్రజని వేరే నిల్వ ప్రొటీన్ల రూపంలో ఆకులోనే పేరుకుపోయింది. పురుగు వల్లనో వాన వల్లనో పూత పిందె రాలిన కంది, పత్తి చేలు పక్క చేల కంటే ఎక్కువ కాలం పచ్చగా కనిపించడం ఈ జిల్లాల రైతులకు తెలిసిన దృశ్యమే. ఆ పచ్చదనానికి కారణం ఆరోగ్యం కాదు. పుచ్చుకునేవాళ్లు లేక సరుకు గోదాములో ఉండిపోయిన పరిస్థితి అది.

విప్పి తరలించే పని

ఆకు ముదరడాన్ని శిథిలం కావడంగా భావించడం సహజమే గాని, జరిగేది అంతకంటే క్రమబద్ధమైనది. ఎప్పుడు మొదలుపెట్టాలి, దేనిని ముందు విప్పాలి అన్నది జన్యువుల ఆజ్ఞ ప్రకారం సాగుతుంది. కణంలోని హరితరేణువులు ముందు కరుగుతాయి, కేంద్రకం, శ్వాసక్రియ జరిపే మైటోకాండ్రియా చివరిదాకా ఉంటాయి. విప్పే పనికి కూడా ఆజ్ఞలు, శక్తి కావాలి కాబట్టి ఈ వరుస తప్పదు.

ప్రొటీన్లు విడిపోయి అమైనో ఆమ్లాలుగా, ముఖ్యంగా గ్లుటమిన్‌గా మారి ఈనెల గుండా గింజకు, కొత్త ఆకులకు చేరతాయి. పత్రహరితం సంగతి వేరు. దానిలోనూ నత్రజని ఉంది గాని మొక్క దానిని తిరిగి వాడుకోదు. ప్రొటీన్ల నుంచి విడివడిన పత్రహరితం ఎండలో ప్రమాదకరమైన పదార్థం కనుక, మొక్క దాని మధ్యలోని మెగ్నీషియాన్ని తీసివేసి, వలయాన్ని తెంచి, రంగులేని ముక్కలుగా చేసి కణంలోని రిక్తికలో పడేస్తుంది. అప్పటిదాకా పత్రహరితం చాటున ఉన్న కెరోటినాయిడ్లు అప్పుడు పసుపుగా బయటపడతాయి. కాబట్టి ఆకు పసుపెక్కిందంటే ప్రొటీన్ల తరలింపు అప్పటికే చాలా మేరకు సాగిందని గ్రహించాలి.

ఈ తరలింపుకు దిగుబడిలో ఉన్న వాటాను గోధుమలో 2006లో వెలువడిన ఒక పరిశోధన తేటతెల్లం చేసింది. ఆకులు ముదరడాన్ని వేగిరపరిచే ఒక జన్యువును, దాని సాటి జన్యువులను అణచివేస్తే ఆ మొక్కలు మూడు వారాలకు పైగా ఆలస్యంగా ముదిరాయి. ఆకు పచ్చగా ఉన్న కాలం పెరిగింది, కానీ గింజలో ప్రొటీన్, జింకు, ఇనుము 30 శాతానికి పైగా తగ్గాయి. ఆకులో ఆగిపోయిన సరుకు గింజకు చేరలేదు. పిండిపదార్థం పెరగాలంటే ఆకు ఎక్కువ రోజులు పనిచేయాలి, ప్రొటీన్ పెరగాలంటే ఆకు సకాలంలో ఖాళీ కావాలి. ఈ రెండు కోరికల మధ్య రాజీ ప్రతి ధాన్యపు పంటలోనూ ఉంది.

వరిలో యూరియా దఫాల అమరిక వెనుక ఉన్న తర్కం కూడా ఇక్కడే దొరుకుతుంది. రుబిస్కో తయారీ ఆకు విచ్చుకునే రోజులకే ఎక్కువగా పరిమితం కాబట్టి, వేసిన నత్రజని ఆ సమయంలో విచ్చుకునే ఆకులకే ఎక్కువ మేలు చేస్తుంది. అంకురం దశలో, అంటే కాండం లోపల వెన్ను ఏర్పడటం మొదలయ్యేటప్పుడు, వేసే దఫా పోటాకును (వెన్నుకు ఆనుకొని వచ్చే చివరి ఆకును), దాని కింది రెండు ఆకులను కట్టడానికి ఉపయోగపడుతుంది. గింజకు చేరే పిండిపదార్థంలో అధిక భాగం తయారుచేసేది ఆ మూడు ఆకులే; మిగిలినది ఈనే (వెన్ను బయటికి వచ్చే) ముందు కాండంలో, ఆకు తొడుగుల్లో దాచిన నిల్వ నుంచి వస్తుంది. పాలు పోసుకునే దశలో వేసిన యూరియా ముదిరిన ఆకుకు పోయిన శక్తిని తిరిగి తేదు. మహా అయితే తగ్గుదలను కొంచెం నెమ్మదింపజేస్తుంది, దానికి బదులుగా సుడిదోమను, మెడవిరుపును (వెన్ను మెడకు సోకే అగ్గితెగులును), పైరు పడిపోయే ముప్పును పెంచుతుంది. మంచు పడే నెలల్లో అగ్గితెగులు బెడద ఉన్న నెల్లూరు వరికి ఇది చిన్న మూల్యం కాదు.

వరి మడిలో ఒక లెక్క, శనగ చేలో మరో లెక్క

నెల్లూరు జిల్లాలో ప్రధానమైన వరి పంట ఈశాన్య రుతుపవనాల వానల మీద, సోమశిల నీటి మీద ఆధారపడి చలికాలంలో సాగుతుంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 వంటి దీర్ఘకాలిక రకానికి సుమారు 145 నుంచి 150 రోజులు పడితే, నెల్లూరు మసూరిగా పేరుపడ్డ ఎన్‌ఎల్‌ఆర్ 34449 అంతకంటే మూడు వారాలకు పైగా ముందే కోతకు వస్తుంది. రెంటిలోనూ ఈనిన తరువాత గింజ నిండే కాలం సుమారు 30 రోజులే. తేడా అంతా ఈనేదాకా గడిచే కాలంలో ఉంది. అందువల్ల ఏ రకం వేసినా, పోటాకు పనిచేసే ఆ నెల రోజులే దిగుబడిని తేల్చే కాలం. ఆ నెలలో పై మూడు ఆకులు మొదటి 20 రోజులు నిలకడగా పనిచేసి, తరువాత వేగంగా ఖాళీ అయితే అది మేలైన నడక. పదో రోజుకే పోటాకు చివర ఎండితే తాలు గింజలు పెరుగుతాయి. కోత నాటికి కూడా పోటాకు ముదురాకుపచ్చగా ఉంటే, కాండంలోని నిల్వ గింజకు చేరకుండా గడ్డిలోనే మిగిలిపోయి ఉండవచ్చు.

ఈ చివరి సంగతిని చైనాలోని యాంగ్‌జౌ విశ్వవిద్యాలయ పరిశోధకులు విస్తృతంగా పరిశీలించారు. నత్రజని మోతాదు మించిన వరిలో గింజ నిండే దశలో మడిని మితంగా ఆరబెడితే ఆకులు కాస్త ముందుగా ముదిరినా, కాండంలోని నిల్వ గింజకు చేరే వేగం పెరిగి గింజ బరువు తగ్గలేదని, కొన్నిసార్లు పెరిగిందని వారు చూపారు. ఆరబెట్టడం మితం దాటితే ఫలితం తలకిందులవుతుందని కూడా ఆ ప్రయోగాలే చెబుతాయి. కోతకు వారం పది రోజుల ముందు మడిలో నీరు తీసేసే పాత అలవాటుకు నేల గట్టిపడటంతోపాటు ఈ ప్రయోజనమూ ఉంది.

ప్రకాశం నల్లరేగడి నేలల్లో శనగ నిల్వ తేమ మీదే పెరుగుతుంది. విత్తాక వాన వస్తుందన్న నమ్మకం లేదు, నేలలో ఉన్న తేమ రోజురోజుకూ కిందికి జారుతుంది. ఇటువంటి చోట ఆకు ఎక్కువ కాలం పచ్చగా ఉండాలని కోరుకోవడం నీళ్లు లేని బోరుకు మోటారు బిగించడం లాంటిది. ఈ ప్రాంతంలో జేజీ 11 అనే శనగ రకం అంతగా పాతుకుపోవడానికి ఒక ముఖ్యమైన కారణం అది సుమారు 95 నుంచి 100 రోజుల్లో ముగియడం. తేమ అయిపోకముందే ఆకులోని సరుకును గింజకు చేర్చి తప్పుకుంటుంది. పప్పుజాతి పంటల్లో మరో చిక్కు ఉంది. గింజలో ప్రొటీన్ ఎక్కువ కాబట్టి దానికి కావలసిన నత్రజనీ ఎక్కువే. కానీ కాయ ఊరే సమయంలోనే వేరు బుడిపెలకు చక్కెర తగ్గి, గాలిలోని నత్రజనిని పట్టే పని సన్నగిల్లుతుంది. ఆ లోటును ఆకులే తీర్చాలి. గింజను నింపే క్రమంలో ఈ మొక్కలు తమను తామే కరిగించుకుంటాయన్న వాదన 1975 నుంచి శాస్త్ర చర్చల్లో ఉంది.

కంది దీనికి కొంత భిన్నం. స్వభావరీత్యా అది బహువార్షికం. మొదటి కాపు కోశాక తేమ దొరికితే మళ్లీ చిగురిస్తుంది. అది తన ఆకులోని సరుకంతా గింజకు దారపోయదు. రాలే ఆకులతో కొంత నత్రజని నేలకూ చేరుతుంది.

పొగాకు: పసుపెక్కడమే పంట

ఆకే సరుకైన పంటలో ఈ లెక్కలన్నీ మరో వరుసలో నడుస్తాయి. పొగాకు మొక్కకు పూమొగ్గ రాగానే తల తుంచేస్తారు, ఆ తరువాత కణుపుల్లో వచ్చే పిలకలను తీసేస్తారు. గింజ రూపంలో పుచ్చుకునే భాగం పోవడంతో పై ఆకులు త్వరగా ముదరవు. వెడల్పు, మందం పెరుగుతాయి, పిండిపదార్థం వాటిలోనే పేరుకుంటుంది. వేళ్లు బలపడతాయి. నికోటిన్ తయారయ్యేది వేళ్లలోనే కాబట్టి తల తుంచిన మొక్క ఆకుల్లో దాని మోతాదు పెరుగుతుంది.

బ్యారన్ అనే వేడి గదిలో క్యూరింగ్ చేసే (వేడితో పసుపు తిప్పి ఎండబెట్టే) వర్జీనియా పొగాకును అడుగు నుంచి పైకి, రెండు మూడేసి ఆకుల చొప్పున, పక్వానికి వచ్చిన కొద్దీ కోస్తారు. పక్వం అంటే సరిగ్గా కిరణజన్య సంయోగక్రియ దిగజారి, నత్రజని బయటికి పోయి, పిండిపదార్థం నిండుగా ఉన్న స్థితి. నత్రజని ఎక్కువైన చేలో లేదా ఆలస్యంగా వాన పడి మొక్క మళ్లీ చిగురుపట్టిన చేలో ఆకు ఆ స్థితికి రాదు. పచ్చిగా కోస్తే పచ్చదనం క్యూరింగ్‌లోనూ వదలదు, వేలం కేంద్రంలో ధర పలకదు. తేలిక నేలల్లో పొగాకుకు నత్రజనిని అంత పొదుపుగా వాడమని చెప్పడానికి ఇదే కారణం.

బ్యారన్‌లో మొదట జరిగేది ఎండబెట్టడం కాదు. సుమారు 35 నుంచి 40 డిగ్రీల వేడిలో, తేమ ఎక్కువగా ఉంచి, కోసిన ఆకును ఇంకా కొంతకాలం బతికే ఉంచుతారు. వెలుతురు లేదు, వేరు లేదు, అయినా ఎంజైమ్‌లు పనిచేస్తూనే ఉంటాయి. పత్రహరితం విరిగిపోతుంది, పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. చేలో వారాలు పట్టే ముదురుతనాన్ని ఆ గదిలో రెండు రోజుల లోపు నడిపిస్తున్నారన్నమాట. రంగు తిరిగాకే వేడి పెంచి ఆ మార్పును ఆపేస్తారు, చివరకు 70 డిగ్రీల దాకా తీసుకుపోయి ఈనెను ఎండబెడతారు. ముందే వేడి పెంచితే ఆకు చచ్చిపోయి పచ్చదనం అలాగే నిలిచిపోతుంది. ఆకు ముదరడమంటే ఎండిపోవడం కాదని, బతికున్న కణం చేసే పని అని చెప్పడానికి బ్యారన్ కంటే మంచి నిదర్శనం దొరకదు.

గూడూరు, పొదలకూరు ప్రాంతాల నిమ్మతోటలది మరో లోకం. నిమ్మజాతి చెట్ల ఆకు ఏడాది నుంచి రెండేళ్ల దాకా నిలుస్తుంది. ముదురాకు కొత్త చిగురుకు నత్రజని గోదాముగా పనికొస్తుంది. 2004లో ప్రపంచవ్యాప్తంగా 2,548 వృక్షజాతుల ఆకులను పోల్చిన అధ్యయనం ప్రకారం, ఎక్కువకాలం బతికే ఆకులు బరువును బట్టి చూస్తే తక్కువ వేగంతో పనిచేస్తాయి, త్వరగా రాలే ఆకులు ఎక్కువ వేగంతో పనిచేస్తాయి. వరి, పొగాకు ఆకులు రెండో కోవకు చెందుతాయి.

ఎండ, ఉప్పు, ముంపు

సహజమైన ముదురుతనానికి పరిసరాల ఒత్తిడి తోడైతే వేగం మారుతుంది. వేసవిలోకి సాగే ఎడగారు వరిలో అధిక ఉష్ణోగ్రత రెండు వైపుల నుంచి దెబ్బతీస్తుంది. రుబిస్కోను పనిచేసే స్థితిలో ఉంచే సహాయక ఎంజైమ్ వేడికి తొందరగా లొంగుతుంది. రాత్రి వేడి శ్వాసక్రియను పెంచి పగటి సంపాదనను తినేస్తుంది. గింజ నిండే కాలమే కుదించుకుపోతుంది.

తీరానికి దగ్గరగా ఉన్న ఉప్పు నేలల్లో ముదురాకులే ముందు ఎండుతాయి. వేళ్లు పీల్చిన నీటితో వచ్చే సోడియం ఆకులో చేరాక తిరిగి బయటికి పోవడం తక్కువ. ఎక్కువ రోజులు నీటిని ఆవిరి చేసిన ఆకులో ఎక్కువ ఉప్పు పేరుకుంటుంది. పాత ఆకులు చచ్చే వేగం కొత్త ఆకులు వచ్చే వేగాన్ని దాటనంత కాలం పైరు నెట్టుకొస్తుంది; దాటిన తరువాత గింజను నింపే ఆకు మిగలదు.

ముంపు సంగతి వేరు. 2023 డిసెంబర్ 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను లాంటి వానలకు శనగ, పొగాకు చేలల్లో నీరు నిలిచినప్పుడు, ఊపిరాడని వేళ్లలో ఎథిలీన్‌కు మూలమైన పదార్థం తయారై కాండం గుండా పైకి పోతుంది, ఆకుల్లో ఎథిలీన్‌గా మారుతుంది. అది ముదరమని చెప్పే హార్మోన్. అదే సమయంలో వేళ్ల నుంచి రావలసిన సైటోకైనిన్, అంటే ముదరడాన్ని ఆపే హార్మోన్, తగ్గిపోతుంది. నత్రజని అందడమూ ఆగుతుంది. నీళ్లు తీసిన తరువాత ఎండ కాస్తే పొగాకు ఒక్కసారిగా వడలిపోవడం, అడుగు ఆకులు పసుపెక్కడం ఈ పరిణామాల ఫలితమే. వరి వేళ్లకు గాలిని చేర్చే గొట్టాల వంటి కణజాలం ఉంది కాబట్టి అది ఈ బాధను చాలావరకు తప్పించుకుంటుంది.

పచ్చగా నిలిపే ప్రయత్నాలు

ఆకు ముదరడాన్ని ఆపగలిగితే దిగుబడి పెరుగుతుందన్న ఆలోచన కొత్తది కాదు. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గాన్, అమసినో అనే శాస్త్రవేత్తలు పొగాకు మొక్కలో ఒక జన్యు ఏర్పాటు చేశారు. ఆకు ముదరడం మొదలవగానే సైటోకైనిన్ తయారవుతుంది, ముదరడం ఆగగానే ఆ తయారీ కూడా ఆగుతుంది. ఆ మొక్కల అడుగు ఆకులు చాలాకాలం పచ్చగా ఉండటమే కాక పనిచేస్తూనే ఉన్నాయి. 2007లో ఇదే తరహా పొగాకు మొక్కలు తీవ్రమైన నీటి ఎద్దడిని తట్టుకున్నట్లు కాలిఫోర్నియా పరిశోధకులు చూపారు.

అయితే పచ్చగా నిలిచే ప్రతి మొక్కా ఇలాంటిది కాదు. 1860లలో మెండెల్ బఠాణీలో గమనించిన ఆకుపచ్చ గింజ లక్షణం పత్రహరితాన్ని విరగ్గొట్టే దారిలో లోపం వల్ల వచ్చినదని 2007లో తేలింది. అటువంటి జన్యుమార్పు ఉన్న వరి మొక్కలూ ఉన్నాయి. వాటి ఆకు చివరిదాకా పచ్చగానే ఉంటుంది, కానీ పని మామూలు ఆకులో లాగే ఆగిపోతుంది. అది పైపూత పచ్చదనం మాత్రమే. జొన్నలో ఇథియోపియా మూలాల నుంచి వచ్చిన బి35 అనే వంగడపు పచ్చదనం మాత్రం నిజమైనది. దాని రహస్యం ఆకులో ఉన్నంతగా నీటి వాడకంలో ఉంది: పిలకలు తక్కువ, అడుగు ఆకులు చిన్నవి, పూతకు ముందు ఖర్చయ్యే నీరు తక్కువ, అందుకే గింజ నిండే సమయానికి నేలలో తేమ మిగులుతుంది. వర్షాధార చేలకు ఈ దారే దగ్గరది.

దుకాణాల్లో దొరికే పచ్చబరిచే మందులకు కూడా ఇదే గీటురాయి వర్తిస్తుంది. కొన్ని శిలీంధ్రనాశకాలు ఎథిలీన్ తయారీని తగ్గించి ఆకును కొద్ది రోజులు పచ్చగా ఉంచే మాట నిజమే. ఆ అదనపు రోజుల్లో గింజకు చోటు, నేలలో తేమ ఉంటేనే అది దిగుబడిగా మారుతుంది. లేకపోతే అది మందు ఖర్చుతో కొన్న రంగు.

ఏ ఆకును చూడాలి

పైరు ఆకలిని అంచనా వేయడానికి వాడే ఆకు రంగు పట్టికను ఎప్పుడూ పైనుంచి పూర్తిగా విచ్చుకున్న కొత్త ఆకుకే పోల్చాలని చెబుతారు. అడుగు ఆకుకు పోల్చితే ప్రతి పైరూ ఆకలిగానే కనిపిస్తుంది. పసుపు ఎక్కడ మొదలైందన్నది కూడా కారణాన్ని చెబుతుంది. నత్రజని మొక్కలో కదిలే పోషకం కాబట్టి దాని లోపం ముదురాకు చివర నుంచి మొదలై ఆకంతా పాకుతుంది, తరువాత పై ఆకుకు ఎక్కుతుంది. మెగ్నీషియం లోపమూ ముదురాకులోనే గాని ఈనెలు పచ్చగా మిగులుతాయి. ఇనుము కదలదు; సున్నం శాతం ఎక్కువైన నల్లరేగడి శనగలో, వేరుశనగలో దాని లోపం చిగురాకును తెల్లబారుస్తుంది. వరిలో ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు, లేత ఆకు మధ్యఈనె మొదట్లో పాలిపోవడం కలిసి కనిపిస్తే జింకు లోపాన్ని అనుమానించాలి. అడుగున ఒకటి రెండు ఆకులే ఎండి, పై నాలుగు ఒకే రంగులో ఉంటే ఆ మడికి చేయవలసినది ఏమీ లేదు.

ఉపగ్రహ చిత్రాలతో పైరు స్థితిని అంచనా వేయడం పెరిగిన ఈ కాలంలో రంగుకు, పనికి ఉన్న తేడా మరింత ముఖ్యమైంది. వృక్ష సూచిక పేరుతో సాధారణంగా వాడే లెక్క కొలిచేది పచ్చదనాన్నే. కిరణజన్య సంయోగక్రియ జరిగేటప్పుడు పత్రహరితం వెదజల్లే మసక ఎర్రటి వెలుగును కొలిస్తే ఆకు పనికి మరింత దగ్గరగా వెళ్లవచ్చు. 2014లో అమెరికా ప్రయోగించిన ఓసీఓ-2 ఉపగ్రహం ఆ వెలుగును నమోదు చేస్తోంది. కానీ దాని ఒక్కో కొలత సుమారు 1.3 కిలోమీటర్ల వెడల్పు, 2.25 కిలోమీటర్ల పొడవున్న నేలకు కలిపి వస్తుంది. కోవూరు కాలువల కింద అంత మేరలో వందల మడులు, రెండు మూడు రకాలు, మూడు నాలుగు వయసుల పైరు కలిసిపోతాయి కాబట్టి, ఒక్కో మడిలో పోటాకు ఏ దశలో ఉందో తేల్చాలంటే ఇప్పటికైతే గట్టు దిగి చూడవలసిందే.